చెయ్యి మంచిదన్న పేరు

కొత్తగా చేరిన పశువైద్య సహాయకులకు శిక్షణ జరుగుతోంది, ఒక గంట మాట్లాడి వెళ్ళండి అని ఈ మధ్య నన్ను పిలిచారు. రిటైరైన వాణ్ణి పిలవడానికి రెండే కారణాలుంటాయి. రావలసిన వక్త రాకపోవడం ఒకటి, భోజనానికి ముందు ఒక గంట ఖాళీగా మిగిలిపోవడం రెండోది. నా విషయంలో రెండూ నిజమే. గోడ మీద తెర దించి నాకిచ్చిన అంశం చూపించారు: 'పర్సనల్ బ్రాండ్ నిర్మించుకోవడం, నిలబెట్టుకోవడం'. పేడలో చేతులు పెట్టేవాడికి బ్రాండేమిటని మొదట నవ్వొచ్చింది. కాసేపటికి గుర్తొచ్చింది, ఒకప్పుడు మా అడవి అంచున నాకున్నంత బ్రాండు ఇంకెవరికీ లేదు. నాలుగు మంచి ముక్కలు చెప్పి, వాళ్ళు పెట్టిన భోజనం చేసి వచ్చేశాను. చెప్పకుండా దాటేసిన ముక్క ఒకటుంది. ఇది చదివే మీరు ఇంకా పేరు పడనివాళ్ళయితే మీకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. టేకులపల్లి దాటాక అడవి చిక్కబడే చోట మా పశువుల దవాఖానా ఉండేది. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు. డాక్టరుగారు దూరంగా పెద్ద దవాఖానాలో కూర్చునేవారు. మా దగ్గర నేను, నా తర్వాత వచ్చిన ఇంకో అసిస్టెంటు, ఒక అటెండరు, అంతే. జనం మాత్రం సూది పట్టిన ప్రతివాణ్ణీ డాక్టరనే పిలిచేవారు. నేను కాదని ఎప్పుడూ చెప్పలేదు.

నాకు పేరు పడిన తీరు చెబుతాను. ఒక రోజు తెల్లచొక్కా వేసుకుని పెళ్ళికి బయలుదేరాను. దారిలో ఒక రైతు మోటారు సైకిలుకు అడ్డం వచ్చి ఆపాడు. ఈనిన రెండోరోజే గేదె కూలబడిపోయింది. మెడ పక్కకు వాల్చేసింది, చెవులు చల్లబడ్డాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. అది పాలజ్వరం. ఒంట్లో కాల్షియం పడిపోతే వస్తుంది, నరానికి ఒక సీసా కాల్షియం ఎక్కిస్తే చాలావరకు అరగంటలో లేచి నిలబడుతుంది. ఏ అసిస్టెంటుకైనా చదువుకునే రోజుల్లోనే తెలిసే సంగతి. సంచిలో సీసా ఉంది. దాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాను, రెండో చేతికి పనిలేక గేదె నుదుటి మీద ఉంచాను. గేదె లేచింది. జనం సీసా వైపు చూడలేదు, నుదుటి మీది చేతినే చూశారు.

అప్పటినుంచి ఎక్కడికి పోయినా ముందు నుదుటి మీద చెయ్యి పెట్టమనేవారు. పెట్టకపోతే సూది వేసినా వేసినట్టు లెక్కలేదు. నేను కూడా అలవాటు పడ్డాను, ఇంకాస్త నెమ్మదిగా, కళ్ళు కొంచెం దించి పెట్టడం నేర్చుకున్నాను. ఆ రోజు వేసుకున్న తెల్లచొక్కా కూడా అచ్చొచ్చిందనుకుని, ఈ వృత్తిలో ఏ తెలివైనవాడూ కట్టని తెల్లబట్టలు కట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ తిట్టుకుంటూ ఉతికేది. ఎవరింట్లోనూ చాయ్ తాగేవాణ్ణి కాదు. అది నియమమని జనం అనుకున్నారు. నిజానికి నాకు పాలు పడవు.

మా అటెండరు నాకు జీతంలేని ప్రచారశాఖ. "మా సారు చెయ్యి పడ్డదంటే కూలవడ్డ గొడ్డు లేవాల్సిందే" అని సంతలో చెప్పేవాడు, బస్సులో చెప్పేవాడు, పక్క ఊరి పెళ్ళిళ్ళలో కూడా చెప్పేవాడు. నేను మహత్తు గలవాణ్ణని ఆయన నిజంగానే నమ్మాడు. నమ్మినవాడు చెబితే ఉండే బలం వేరు.

అయితే పేరు ఊరికే ఉండదు, దానికి రోజూ మేత వెయ్యాలి. గొడ్డు బతికితే పేరు పెరుగుతుంది, నా చేతిలో పోతే తరుగుతుంది. అందుకని పోయేవి నా చేతిలో పోకుండా చూసుకోవడం నేర్చుకున్నాను. దీనికి కుట్ర ఏమీ చెయ్యలేదు, ఒకరోజు కూర్చుని నిర్ణయించుకోనూ లేదు. గేటు దగ్గరికి వచ్చిన గొడ్డును మా అటెండరు ముందు చూసి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళ అనుభవం, ఆయన అంచనా తప్పేది కాదు.

"సార్, గా ఎర్రావు దక్కేటట్టు లేదు. మీరు క్యాంపుకు పోయిన్రని చెప్పాల్నా?"

"ఏదో ఒకటి చెప్పు" అనేవాణ్ణి, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా.

ఆ తర్వాత నిజంగానే వెనకవైపు నుంచి బండి తీసుకుని ఏదో ఒక ఊరికి పోయేవాణ్ణి, అబద్ధం ఆడినట్టు కాకుండా. ఆ ఎర్రావు నా తోటి అసిస్టెంటు చేతికి వచ్చేది.

అతను సత్తుపల్లి వైపువాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. సన్నగా ఉండేవాడు, మాటకు ముందు నవ్వేవాడు. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయి, అటునుంచి అటే దవాఖానాకు వచ్చేవాడు. పని నాకంటే బాగా వచ్చు. ఇది ఇప్పుడు పెద్దమనసుతో చెబుతున్న మాట కాదు, అప్పుడు కూడా నాకు తెలుసు. చావుకు దగ్గరపడ్డ పది గొడ్లలో రెండింటినో మూడింటినో లాక్కొచ్చేవాడు. అలాంటి వాటిని నేను ముట్టుకునేవాణ్ణే కాదు. కానీ జనానికి కనిపించేది బతికిన ఆ రెండు మూడు కాదు, పోయిన ఏడెనిమిది. రెండేళ్ళలో అతనికీ ఒక పేరు పడింది. చిన్న సారు చెయ్యి మంచిది కాదట.

జనం మూఢంగా అనుకున్నారని మీరనుకోవద్దు. ఈ సారు ముట్టుకున్నవి బతుకుతున్నాయి, ఆ సారు ముట్టుకున్నవి పోతున్నాయి. కళ్ళతో చూసి లెక్కేసుకుని అన్నమాటే అది. ఏవి ఎవరి దగ్గరకు పోవాలో గేటు దగ్గర తేలుతోందని వాళ్ళకేం తెలుసు.

అతనికి తెలుసు. ఒకసారి సిరంజీలు ఉడకబెడుతూ అన్నాడు. "అన్నా, మీరు క్యాంపుకెళ్ళిన రోజే నాకు కష్టమైన కేసులొస్తాయండి. మీ క్యాంపు డైరీ చూసి ఏ రోజు గొడ్డు పోతుందో చెప్పెయ్యొచ్చు."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. అక్కడితో సరిపోయింది.

ఇక అసలు సంగతి. తొలకరికి ముందు ప్రతి ఏటా పశువులకు గొంతువాపు టీకాలు వెయ్యాలి. వానలు పడ్డాక ఆ జబ్బు వస్తే గొంతు వాచి, గురక పెడుతూ, ఒకటి రెండు రోజుల్లో ఎద్దు కూలిపోతుంది. టీకా ఒంటికి పట్టడానికి రెండు మూడు వారాలు కావాలి, కనుక ఎండలు ఉండగానే వేసెయ్యాలి. ఊళ్ళు చెరి సగం పంచుకునేవాళ్ళం. వాగు అవతల అడవిలో ఉన్న ఒక ఆదివాసీ గూడెం ఆ ఏడు అతని వంతుకు వెళ్ళింది.

మే నెల చివర్లో ఒకరోజు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. ఐసు పెట్టె తెరిచి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క సీసా మూత కూడా తియ్యలేదు.

"ఒక్కటి కూడా వెయ్యనివ్వలేదండి. పెద్ద సారు వస్తేనే వేయించుకుంటామన్నారు."

"సరేలే, నేనే పోయి వేసొస్తా."

"అలా కాదన్నా. మీరొచ్చి వేస్తే ఈ ఏడు గడుస్తుంది. మళ్ళీ ఏడు? అవతల ఇంకో ఊరు? ఒక్క పూట నాతో రండి. మీరు సూది పట్టక్కర్లేదు. నా పక్కన నిలబడి, మందు ఒకటే, ఎవరు వేసినా ఒకటే, చేతిలో ఏమీ లేదు అని చెప్పండి. అది చాలండి నాకు."

ఎంత చిన్న కోరిక! అయినా ఆ మాట నా చెవికి వేరే విధంగా వినిపించింది. చేతిలో ఏమీ లేదని నేనే ఊరి మధ్య నిలబడి చెబితే, ఇక నా దగ్గర మిగిలేదేమిటి? తెల్లచొక్కా మిగులుతుంది. ఆ ఆలోచన బయటికి రాకుండా జాగ్రత్తపడి, "వచ్చే వారం పోదాం తమ్ముడూ" అన్నాను.

వచ్చే వారం చండ్రుగొండలో ఒక పెద్ద రైతు ఇంట్లో గృహప్రవేశం. ఆయన ఆవును ఒకప్పుడు చూశాను, పోకపోతే బాగుండదు. పోతే పదిమందికి పరిచయం చేశాడు కూడా. ఆ పై వారం దూడల ప్రదర్శన, నన్ను వేదిక మీద కూర్చోబెడతామన్నారు. ఈలోపు అతను ఒకటికి రెండుసార్లు గుర్తుచేశాడు. రెండోసారి నేను కాస్త విసుక్కున్నాను. మూడోసారి అడగలేదు. తర్వాత వానలు మొదలై వాగు వచ్చింది.

జూన్ నెలాఖరున గూడెం నుంచి ఒకతను నడిచి వచ్చి, గొడ్లు గురక పెడుతున్నాయని చెప్పాడు. నేను అప్పుడు దవాఖానాలో లేను. నా కోసం చూడకుండా నా తోటి అసిస్టెంటు మందులు మూటగట్టుకుని, టీకాల ఐసు పెట్టె భుజానికి తగిలించుకుని, వచ్చినవాడి వెంటే వాగు దాటి పోయాడు. మర్నాడు పొద్దున విషయం తెలిసి నేనూ అటెండరూ బయలుదేరాం. దారి పొడుగునా అటెండరు నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు. "మీరు పోయి నిలబడితే సాలు సార్." వాగు దగ్గర బండి వదిలేసి, నడుం లోతు నీళ్ళలో దాటాం. ఆ రోజు కూడా నేను తెల్లచొక్కానే వేసుకున్నాను.

ఊరి చివర గొయ్యి తవ్వుతున్నారు. అప్పటికే ఆరు పోయాయి. మా వాడు బడి వరండాలో ఒక గిన్నెలో సిరంజీలు కడుగుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మోచేతుల దాకా తడిసి మాసిపోయింది. పక్కన నిలబడ్డ వాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడుతున్నాడు. రెండేళ్ళలో నేర్చుకున్నాడన్నమాట. ఆ చుట్టుపక్కల పదేళ్ళు తిరిగి నేను మంచినీళ్ళు అడగడం కూడా నేర్చుకోలేదు.

యాభై దాటిన ఒక ఆడమనిషి నన్ను చూసి గబగబా వచ్చింది. సేద్యం అంతా ఆవిడదే. నాగలికి కుడిపక్క కట్టే ఎద్దు, ఆవిడ మాటలో ఎలపటెద్దు, ముందురోజే పోయింది. జతలో రెండోది చింతచెట్టు కింద నిలబడి ఉంది.

"సారూ, జర చెయ్యి పెట్టుండ్రి. ఇదన్న దక్కాలె."

ఎద్దును చూశాను. గొంతు వాపు సగం తగ్గింది. మెడ నరం మీద సూది గుర్తులు వరసగా ఉన్నాయి. జ్వరం దిగింది. అది గండం దాటేసిందని చూడగానే తెలిసిపోయింది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. అది బతుకుతుందని తేలాకనే నా చెయ్యి దానంతట అది లేచి ఎద్దు నుదుటి మీదికి పోయింది. ఎద్దు తల వంచి, ముందు పడేసిన పచ్చగడ్డి ఒక పరక లాగింది.

చుట్టూ ఉన్నవాళ్ళలో గుసగుస లేచింది. "సూసిన్రా, సూసిన్రా" అన్నాడు మా అటెండరు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. "మా పెద్ద సారు వచ్చిండు, నా ఎద్దు బతికింది" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అతను గిన్నెలోంచి తల ఎత్తలేదు. సిరంజీని ఎత్తి వెలుతురులో చూసుకుని, మళ్ళీ నీళ్ళలో ముంచాడు. కోపంగా చూసి ఉంటే నేను ఏదో ఒక సాకు చెప్పుకునేవాణ్ణి. చూడనే లేదు. తల కొట్టేసినట్టయింది నాకు.

"అమ్మా, ఇది నా చెయ్యితోని కాలేదు" అన్నాను. "నిన్నటి సంది ఈ సారు నరానికి మందు ఎక్కిస్తనే ఉన్నడు. దాంతోనే లేసింది. నా చేతిల ఏం లేదు. ఎన్నడూ లేదు. సూది ఎవలు ఏసినా ఒకటే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేను వినయానికి అంటున్నానేమో అని మొదట అనుకున్నట్టుంది. తర్వాత కాదని తెలుసుకుంది.

"గా ఎండకాలంల ఈ సారు డబ్బా పట్టుకొని వచ్చిండు గద. మేం వద్దన్నం. మీరే రావాలన్నం."

"అవ్."

"మేం గట్ల అన్నమని మీకు చెప్పిండా?"

"చెప్పిండు."

"మరి గీ మాట గప్పుడే వచ్చి చెప్పరాదా సారూ? చెప్తే ఏపిచ్చుకుంటుంటిమి. నా ఎలపటెద్దు ఉంటుండె."

గొంతు పెంచలేదు, తిట్టలేదు. అర్థంకాని సంగతిని అడిగినట్టే అడిగింది. ఆవిడ ఇంకాసేపు చూసి, అతని వైపు తిరిగి తన భాషలో ఏదో అంది. అతను లేచి ఐసు పెట్టె తెరిచాడు. జబ్బు సోకని గొడ్లకు అప్పుడైనా టీకా వెయ్యాలి కదా. ఆవిడ తన ఆవును తోలుకొచ్చి అతని ముందు నిలబెట్టింది. వెనక మిగతావాళ్ళూ వచ్చారు.

"అన్నా, జర ఆ తాడు పట్టుకోండి" అన్నాడు అతను. ఆ 'జర' కూడా మా దగ్గరికొచ్చాకే నేర్చుకున్నాడు. సాయంత్రం దాకా నేను తాళ్ళు పట్టుకున్నాను, అతను సూదులు వేశాడు. ఒక కోడె కుమ్మి నన్ను బురదలో పడేసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక్కడితో ఆపితే నేను కొంచెం మంచివాడిగానే మిగులుతాను. శిక్షణలో చెప్పి ఉంటే ఇక్కడిదాకానే చెప్పేవాణ్ణి.

వాగు ఇవతలికి వచ్చాక అటెండరు రోడ్డు పక్క చాయ్ హోటలు ముందు బండి ఆపమన్నాడు. నేను చొక్కా పిండుకునే లోపలే లోపల కథ మొదలైంది. సారు చెయ్యి పెట్టిండు, ఎద్దు గడ్డి మేసింది. ఆయన చూసింది అదే. ఆ తర్వాత నేనన్న మాటలను సారు పెద్దతనం కింద జమకట్టాడు. పదిమంది బయటికొచ్చి నాకు దండం పెట్టారు. నేను తిరిగి దండం పెట్టాను. అప్పుడైనా అసలు విషయం చెప్పి ఉండొచ్చు. అలసిపోయానని నాకు నేను చెప్పుకున్నాను.

రిపోర్టు పంపాలి. అందులో ఒక గడి ఉంటుంది, టీకాలు సకాలంలో వెయ్యకపోవడానికి కారణం. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అతను ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"వాగు అని రాసెయ్యండన్నా. వాగుకు మెమో ఇవ్వరు కదండి" అన్నాడు.

అది నా కోసం అన్నాడో, తన కోసం అన్నాడో నేను అడగలేదు. వాగు పొంగినందున అని రాశాను. గూడెం అతని వంతు కనుక వారం తిరక్కుండా అతనికి మెమో వచ్చింది. జూన్‌లో వాగు పొంగితే మే నెలలో ఏం చేశావని. న్యాయమైన ప్రశ్నే. రైతులు నిరాకరించారని జవాబు రాశాడు. ఎందుకు నిరాకరించారని మళ్ళీ అడిగారు. అవగాహన లేక అని రాశాడు. ఎక్కడా నా ఊసు ఎత్తలేదు. అతని ప్రొబేషన్ ఇంకొంత కాలం పొడిగించారు. ఆ వారంలో నేను రెండుసార్లు డాక్టరుగారి గదిలోకి పోయాను. రెండుసార్లూ మందుల ఇండెంటు మీద సంతకం పెట్టించుకుని బయటికొచ్చాను.

ఆ గూడెం నుంచి తర్వాత నాకు ఒక్క పిలుపు కూడా రాలేదు. వాళ్ళు అతన్నే పిలిచేవారు, కష్టమైన వాటికీ, కాని వాటికీ. మిగతా ఊళ్ళలో మాత్రం నా చెయ్యి ఇంకా మంచిదే. ఎద్దు కథ సంతలన్నీ తిరిగింది.

ఆ ఏడే ఖమ్మంలో మంచి ఉద్యోగులకు ప్రశంసాపత్రాలిచ్చారు. జాబితాలో నేనూ ఉన్నాను. ఆఫీసు మనిషికి ఇస్తుంటే రాకపోతే బాగుండదని అతను కూడా వచ్చాడు, సెలవుకు సత్తుపల్లి వెళ్ళినవాడు అక్కణ్ణుంచి తెల్లారే బస్సెక్కి. వేదిక మీద ఒకాయన నా గురించి చదివాడు. పొంగిన వాగు దాటి, ప్రాణాలకు తెగించి పశువులను కాపాడారని. కాగితం అందుకుంటూ కిందికి చూశాను. మూడో వరసలో అతను లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. వెక్కిరింతగా కాదు, అందరూ కొట్టినట్టే కొడుతున్నాడు. అప్పుడే ఎవరో మైకు నా చేతికిచ్చి, అనుభవం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అతను చప్పట్లు ఆపి, నా వైపే చూస్తూ మెల్లగా కూర్చున్నాడు. నేను అందరికీ ధన్యవాదాలు చెప్పి, మైకు తిరిగిచ్చేసి కిందికి దిగాను.